కందెన, క్షారము, సీమనూనె

గోరంట్ల పేరు చెప్పినంతనే చిత్రావతి యొడ్డున నున్న మాధవరాయస్వామి ఆలయము జ్ఞప్తికి వచ్చును. నేను తెలుగు పండితుడనై పదవీవిరమణ చేసినవాడను గనుక విజయనగరపు కాలమునాటి యా స్తంభములను గూర్చియో, శాసనములను గూర్చియో మాటాడుదునని మీరు తలచి యుందురు. ఆ పనికి నాకంటె సమర్థులైన పెద్దలు కలరు. నేను నేడు చెప్పబోవునది మా అంగడివీథిలో ఇంజనులు బాగుచేయు మేస్త్రీల ముంగిట నుండెడి నల్లని పళ్ళెమును గూర్చి. నూనెడబ్బాను అడ్డముగా కోసి చేసిన పళ్ళెమది. అందులో నాలుగు వ్రేళ్ళ లోతు సీమనూనెయో డీజిలో యుండును. ఒక బాలుడు దానిముందు గొంతుకూర్చుండి, మందుకొట్టు యంత్రముల యొక్కయు, రంధ్రములు వేయు మరల యొక్కయు విడిభాగములను కుంచెతో తోముచుండును. తోమిన కొలది ఇనుము తెల్లనగును, వాని చేతులు నల్లనగును.

ఇందులో చరిత్ర యేమున్నదని మీరడుగవచ్చును. నా చిన్ననాట నన్నెవరైన అడిగియుండిన నేనును లేదనియే చెప్పియుందును. జిడ్డును వదిలించు విద్యలో ఒక్క పొరపాటు చేసి, ఆ పొరపాటునకు మా యింటిల్లిపాదియు మూల్యము చెల్లించిన తరువాతనే నాకు ఈ విషయమున శ్రద్ధ కలిగినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

మొదట జిడ్డు సంగతి. యంత్రములు రాకమునుపు మా సీమలో తిరుగుడు వస్తువులు మూడే: బండిచక్రము, కపిలగిలక, గానుగ. ఈ మూటికిని ప్రాణము కందెన. ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి నూరి, వెదురుగొట్టములో పోసి, బండి యిరుసు క్రింద వ్రేలాడగట్టెడివారు. బండి కిర్రుమన్నచోట ఆపి, సీల తీసి, చక్రమును కొంచెము వెలికి లాగి, పుల్లతో ఇరుసుకు పూసెడివారు. ఈ కందెన మన దేశమున నేటిది గాదు. చరకసంహితలో శరీరమునకు అభ్యంగనమెట్లు మేలుచేయునో చెప్పుచు గ్రంథకర్త మూడు ఉపమానములు తెచ్చెను: నూనె పట్టించిన కుండ, నూనెతో మర్దించిన తోలు, కందెన పెట్టిన యిరుసు. వైద్యుడు తన రోగికి నచ్చజెప్పుటకు బండిని చూపెననగా, ఆనాటికే బండి కందెన యింటింటి యెరుక యైయుండవలెను గదా.

కందెన గుడ్డకంటిన వదలదు. మా నాయనమ్మ దానికొక ఉపాయము చేసెడిది. పంచెకు కందెన మరక పడినచో ఆమె మొట్టమొదట నీళ్ళు తగులనిచ్చెడిది కాదు. మరకమీద ఇంత ఆముదమో వేరుసెనగనూనెయో పోసి, నలిపి, మరక పలుచబడిన తరువాత కుంకుడురసముతో ఉతికెడిది. "నూనె పోవుటకు నూనె పోయుట యేమి పిచ్చి?" అని నేనడిగితిని. "దొంగను పట్టుటకు దొంగే కావలెరా" అని ఆమె యనెను. నేటి రసాయనశాస్త్రము చెప్పునదియు ఇంతమాత్రమే. ఏ జాతి పదార్థమును ఆ జాతి ద్రవమే కరగించును. నీరు ఉప్పును కరగించును గాని నూనెను కరగింపజాలదు. నూనె నూనెను తనలో చేర్చుకొనును. మేస్త్రీ పళ్ళెములోని సీమనూనె చేయు పనియు మా నాయనమ్మ ఆముదము చేసినదియు ఒక్కటియే.

ఇది యొక మార్గము. రెండవది క్షారమార్గము. ఇది మరింత ప్రాచీనము. మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణమొకటి కలదు. ఆ గ్రంథము రమారమి రెండువేల యేండ్ల క్రిందటిదని పండితులు లెక్కకట్టెదరు. ఆ స్మృతిలోని ఇతర విషయములపై వివాదములు నేనెరుగనివి కావు. ఈ ప్రకరణమును మాత్రము చాకలివాని పాఠ్యపుస్తకముగా చదువవచ్చును. పట్టునకును ఉన్నికిని ఊషము, కంబళ్ళకు కుంకుడు, నారచీరలకు మారేడుపండు, క్షౌమములకు తెల్లఆవాలు విధింపబడినవి. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము అను లోహములకు వాని వాని తగినట్లు క్షారముతోను ఆమ్లముతోను నీటితోను శుద్ధి చేయవలెనని వేరుగా చెప్పబడినది. "తగినట్లు" అను నీ మాటను శ్రోతలు దయచేసి గుర్తుంచుకొనవలెను. నేను ఈ ప్రకరణమును కంఠస్థము చేసియు ఆ యొక్క మాటను మరచితిని. మరియొక విధియు అందు కలదు: మలినమంటిన వస్తువునుండి వాసనయు పూతయు తొలగిపోవునంతవరకు మట్టియు నీరును వాడుచుండవలెనట. పని ముగిసినదా లేదా యనుటకు ముక్కును చేతివ్రేళ్ళును ప్రమాణములు. మా మేస్త్రీ నేటికిని బేరింగును వ్రేళ్ళమధ్య త్రిప్పి, ముక్కుదగ్గర పెట్టుకొనియే తీర్పు చెప్పును.

ఊషమనగా చౌటిమన్ను. మా అనంతపురపు బయళ్ళలో దానికి కొదువ లేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల యిది; నీరు ఆవిరియైపోవ, పల్లపుచోట్ల ఉప్పులు పైకి తేలి, వేసవిలో తెల్లని పొడివలె పూయును. పైరునకు శత్రువైన ఆ చౌడే చాకలికి మిత్రము. దానిని గీకి తెచ్చి, నీటిలో కలిపి తేర్చి, ఆ తేటలో బట్టలను ముంచి ఉబ్బకు వేసెడివారు. ఆ తేటలోని సారము ముఖ్యముగా సోడియం కార్బొనేటు, మనము అంగడిలో చాకలిసోడా యని కొనునదియే. బూడిదనుండి క్షారము తీయు విధానమును సుశ్రుతుడు సూత్రస్థానమున ఒక యధ్యాయమంతయు వివరించెను; అది శస్త్రచికిత్సకు, బట్టలకు గాదు. ఐరోపాలో క్షారమునకు కరువు వచ్చి, నికొలాస్ లెబ్లాన్ అను ఫ్రెంచివాడు ఉప్పునుండి సోడాను చేయు పద్ధతికి 1791లో హక్కుపత్రము పొందెను. ప్రపంచమంతటికి శుభ్రత నిచ్చిన ఆ మనుష్యుడు దారిద్ర్యముచే 1806లో ప్రాణము తీసికొనెను.

క్షారము నూనెనెట్లు వదిలించునో చాలకాలము ఎవ్వరికిని తెలియదు. మిషెల్ షెవ్రూల్ అను మరియొక ఫ్రెంచి రసాయనవేత్త 1823లో ప్రకటించిన గ్రంథమున ఆ ముడి విప్పెను. కొవ్వునకు క్షారము తగిలినపుడు కొవ్వు విడిపోయి గ్లిసరినును సబ్బును అగుచున్నది. ఆ సబ్బుకణమునకు ఒక కొస నీటికి చుట్టము, మరియొక కొస నూనెకు చుట్టము. ఇరువురి నడుమ నిలిచి రాజీ కుదుర్చు పెద్దమనిషివలె అది జిడ్డును పట్టుకొని నీటి కప్పగించును. కుంకుడుకాయలోని నురుగుపదార్థము పుట్టుక వేరైనను చేయు పని ఇదియే. అమరకోశము కుంకుడును ఫేనిలమని పేర్కొనుట దాని నురుగును బట్టియే. షెవ్రూల్ నూటరెండేండ్లు జీవించెను. సబ్బునకును ఆయుర్దాయమునకును సంబంధమున్నదని నేననను.

ఇచట నొక భేదము చెప్పవలెను. ఆముదము, వేరుసెనగనూనె, నెయ్యి వంటివానిని క్షారము సబ్బుగా మార్చగలదు. భూమినుండి తోడిన నూనెలను, అనగా నేటి ఇంజనునూనెను, గ్రీజులోని నూనెభాగమును, మార్చజాలదు. వానిని కరగించి తీయవలసినదే, లేదా సబ్బు మధ్యవర్తిత్వమున నీటిలో కలుపవలసినదే. కందెన కాలము పోయి సీమనూనె కాలము వచ్చినపుడు, జిడ్డు జాతియే మారిపోయినది.

సీమనూనె మా ప్రాంతపు మాట, కోస్తావారు కిరసనాయిలందురు. కెనడా దేశస్థుడైన అబ్రహాం గెస్నరు 1846లో దానిని నేలబొగ్గునుండి తీసి దీపము వెలిగించి చూపెను. 1859లో అమెరికాలో డ్రేకు అను నతడు బావి త్రవ్వి రాతినూనెను తీసిన పిదప అది చౌకయైనది. మన దేశమున అస్సాములోని డిగ్బాయి శుద్ధికర్మాగారము 1901లో ప్రారంభమైనది. పల్లెలకు నూనె వచ్చుటయే గాక అది వచ్చెడి నాలుగు గాలనుల రేకుడబ్బాయు వచ్చెను. నీళ్ళు మోయుటకు, ధాన్యము కొలుచుటకు, పైకప్పునకు, తలుపునకు, చివరకు మేస్త్రీ పళ్ళెమునకు అదియే. ఆ డబ్బా చరిత్రను ఎవరైన ప్రత్యేకముగా వ్రాసిన బాగుండును.

ఇంజనులు వచ్చిన కథలో ఒక పేరు చెప్పక తప్పదు. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను నాంగ్లేయుడు మదరాసులో యంత్రశాస్త్రపు ఆచార్యుడు. ఆయన 1898లో మదరాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో అల్యూమినియపు పాత్రలు చేయు పనిని ఆరంభించెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆయనయే బావులకు ఆయిలు ఇంజనును పంపును బిగించి నీరు తోడవచ్చునని రాజధానిలోని రైతులకు చూపుచు వచ్చెను. అప్పుడు అనంతపురము జిల్లాయు మదరాసు రాజధానిలోనిదే. తరువాత ఆయన మైసూరు సంస్థానమునకు పోయి పరిశ్రమల శాఖకు అధిపతి యయ్యెను. అల్యూమినియమును ఆయిలు ఇంజనును రెంటిని దక్షిణదేశమున నాటినవాడు ఒక్కడే యగుట నాకు వింతగా తోచును. ఏలయన ఆ రెండును కలిసినచోటనే నేను చిక్కుపడితిని.

ఆ తొలి ఇంజనులను ప్రారంభించుటకు తలభాగమును దీపపుమంటతో ఎర్రగా కాల్చవలసి యుండెడిది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిలు 1897లో తన యంత్రమును జయప్రదముగా నడిపి చూపిన తరువాత ఆ బాధ క్రమముగా తీరినది. ఇంగ్లండులోని లిస్టరు కంపెనీ 1930 ప్రాంతమున తెచ్చిన మందగతి డీజిలు ఇంజనును చూచి గుజరాతులోని రాజకోటవారు అటువంటివే పోతపోసి దేశమంతటను అమ్మిరి. కిర్లోస్కరు వారి ఆయిలు ఇంజనుల సంస్థ పూనాలో 1946లో ఏర్పడినది. ఇట్లు కపిల తోలుటకు రెండు జతల యెద్దులు, ఒక మనిషి, తోలుబాన, మోకు కావలసినచోట, ఒక్క యినుపదిమ్మ కూర్చున్నది.

మా బావికి ఇంజను వచ్చినది 1974లో. నాకు పదునైదవ యేడు. కపిలను విప్పినదినము మా నాయన గిలకను ఇంటికి తెచ్చి, దాని కందెనను తుడిచి, అటకమీద పెట్టెను. అది నేటికిని అచటనే కలదు. ఇంజను దుమ్ముకు లోకువ. మా సీమ గాలిలో ఇసుక కలదు. నూనె చిందినచోట ఆ యిసుక అంటి, ఎండకు ఎండి, తారువలె గట్టిపడును. లోపలనో మరియొక మలినము: కాలని నూనె బొగ్గై పిస్టనుపైనను దాని కడియముల గాళ్ళలోను పేరుకొనును. పై జిడ్డు సీమనూనెకు లొంగును. లోపలి బొగ్గు లొంగదు. ఈ భేదమును మేస్త్రీ నాకు ఎన్నియో పర్యాయములు చెప్పియుండెను.

1983వ సంవత్సరము. నేను పాఠశాలలో పండితుడనై చేరిన క్రొత్త. ఇంజనులో కడియములు బొగ్గుచే బిగిసిపోయి పొగ విపరీతమై, నీరు తగ్గెను. మేస్త్రీ వచ్చి విప్పి, సామానులన్నియు గోనెపై పరచి, "నాకు రెండుదినములు వేరేచోట పనియున్నది అయ్యవారూ. ఈలోగా మీరు వీనిని సీమనూనెలో నానబెట్టి, వెదురుచెక్కతో గీకి పెట్టుడు. తక్కినది నేను వచ్చి చూచెద" నని వెళ్ళెను. నాకు వెదురుచెక్క చిన్నతనముగా తోచెను. అంతకుమునుపే మా పొరుగురైతు తన పాత మందగతి ఇంజను భాగములను కాస్టిక్ సోడాలో ఉడికించుట నేను చూచియుంటిని. అవి వెండివలె వచ్చినవి. ఇనుమునకు క్షారము శుద్ధి యని శాస్త్రమున్నది, ప్రత్యక్షమున్నది, ఇక ఉపమానమునకు కొరతయేమి? ఇనుపబానలో నీరు పోసి, సోడా కలిపి, పొయ్యి వెలిగించి, భాగములన్నిటిని వరుసగా దింపితిని. పిస్టను దిగినంతనే బుసబుస పొంగినది. నురుగు తెల్లగా లేచినది. మకిలి ఎంత చక్కగా వదలుచున్నదో యని సంతసించి, రాత్రియంతయు దాని నందే యుంచి నిద్రపోతిని.

తెల్లవారి చూతును గదా, తక్కిన భాగములు మెరయుచున్నవి. పిస్టను మాత్రము నల్లబడి, మశూచి వచ్చిన ముఖమువలె గుంటలు పడియున్నది. కడియముల గాళ్ళు వెడల్పై యున్నవి. మా ఇంజను క్రొత్తతరహాది. దాని పిస్టను ఇనుము గాదు, అల్యూమినియపు మిశ్రలోహము. కాస్టిక్ సోడా ఇనుమును ముట్టదు, అల్యూమినియమును తినివేయును. తినునపుడు హైడ్రోజను వాయువు పుట్టును. నేను మకిలి వదలుచున్నదనుకొన్న పొంగు, లోహము కరగుచున్న పొంగు. తర్కమున దీనిని సవ్యభిచారహేతువందురు. విద్యార్థులకు ఆ పాఠమును అంతకుముందే రెండుసారులు చెప్పియుంటిని.

దానితో పోయినది పిస్టను మాత్రమే యైన చెప్పుకొనవలసిన పని లేదు. అప్పుడు మాకు ముప్పావు ఎకరము మల్బరితోట యుండెను. ఇంటిలో పట్టుపురుగులు నాలుగవ నిద్ర లేచి యున్నవి. పట్టుపురుగు తన జీవితకాలమున తిను ఆకులో అయిదింట నాలుగు పాళ్ళకు పైగా ఆ నిద్ర లేచిన తరువాతి యేడెనిమిది దినములలోనే తినును. ఆ దినములలోనే తోటకు నీరు లేదు. క్రొత్త పిస్టను హిందూపురమున దొరకక బెంగుళూరునుండి రావలసివచ్చి, తొమ్మిది దినములు పట్టెను. ఆకు వాడెను. వాడిన ఆకు పెట్టిన పురుగు గూడు కట్టదు. అప్పుచేసి మూడూళ్ళలో ఆకు కొని, సైకిలుపై మోసితిని. సగము తట్టలు దక్కినవి. అప్పు తీర్చుటకు మా నాయన కోడెదూడను సంతకు తోలుకొనిపోయెను. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. సంతనుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, "ఆ మేస్త్రీ చెప్పినట్లు వెదురుచెక్కతో గీకియుంటే ఎంతసేపు పట్టెడిది రా?" అని మాత్రము అడిగెను. ఒక పూట పట్టెడిదని చెప్పితిని.

మేస్త్రీ తరువాత నాకు తన పద్ధతిని చూపెను. మొదట వెదురుచెక్కతో మందపు మడ్డిని గీకివేయును. ఉక్కుపనిముట్టు అల్యూమినియముపై గీరలు పెట్టునని ముట్టడు. పిమ్మట పాత సీమనూనె పళ్ళెములో నానబెట్టి తోమును. పిదప రెండవ పళ్ళెములో, తేట సీమనూనెలో, జాడించును. ఈ రెండవ పళ్ళెమే ప్రధానము. మొదటిదానిలో కడిగి వదిలిన యిసుక సన్నని పూతయై భాగములకంటి, మరల బిగించినపుడు ఆకురాయివలె అరుగదీయును. నిన్నటి మురికినూనెను పారబోయడు: మూతవేసి యుంచిన మరునాటికి మడ్డి అడుగుకు దిగి పైన తేట తేలును. చౌటినీటిని తేర్చు చాకలి విద్యయే ఇది. కడిగిన భాగములను నూలుగుడ్డతో తుడిచి, అప్పటికప్పుడు శుద్ధమైన నూనె రాయును. జిడ్డు లేని యినుము ఒక్క రాత్రిలో త్రుప్పు పట్టును గదా. జిడ్డును ఇంత శ్రమపడి తీసి, మరల నూనెయే పూయుట చూచి నాకు నవ్వు వచ్చినది. అభ్యంగనస్నానము తరువాత తలకు నూనె రాచుకొనువానివలె.

ప్రపంచమున ఇతరచోట్ల వారు ఇంతకంటె త్వరపడిరి. పెట్రోలుతో కడిగిరి. అది శూన్యమునకు నలుబది డిగ్రీల క్రింది చలిలో గూడ అంటుకొను ఆవిరినిచ్చును. సీమనూనెకు ముప్పదియెనిమిది డిగ్రీలైన కావలెను. మా గోరంట్ల వేసవిలో ఎండలో పెట్టిన పళ్ళెమునకు అదియు లభించును గనుక మేస్త్రీ చెట్టునీడ విడువడు. మన దేశమున 2000 సంవత్సరము ఫిబ్రవరివరకు పెట్రోలులో సీసముండెడిది. దానితో చేతులు కడుగుకొన్న బాలురెందరో. మండని ద్రవములు కావలెనని కార్బన్ టెట్రాక్లోరైడును వాడిరి. అది కాలేయమును చెరచునని తెలిసినది, ఆకాశపు ఓజోను పొరను చెరచునని 1990లో మాంట్రియల్ ఒప్పందపు సవరణలో చేర్చిరి. ట్రైక్లోరోఎథిలీను ఆవిరిలో వ్రేలాడదీసిన లోహము క్షణములో శుభ్రమగుట చూచి కర్మాగారములు మురిసినవి. అది మనుష్యులకు పుట్టకురుపు వ్యాధిని తెచ్చునని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 2012లో నిర్ధారించినది. 1953లో అమెరికావారు చేసిన డబ్ల్యూడీ నలుబది యను చిమ్ముడునూనె మా అంగళ్ళలోను దొరకును. దానిని చేసినది కడుగుటకు గాదు, లోహమునుండి తేమను తరుముటకు.

ఇప్పుడు మా బావి ఎండినది. గొట్టపుబావులలో మోటారులు నేలలోపలనే తిరుగుచున్నవి. మేస్త్రీ కుమారుని యంగడికి వచ్చునవి మందుకొట్టు యంత్రములు, గడ్డికోయు యంత్రములు, వడ్రంగుల రంపపు మరలు. కరెంటుతో తిరుగు మరను పళ్ళెములో ముంచరాదు. తీగచుట్టల పూత పాడగును. గాలికొట్టి, పొడికుంచెతో దులిపి, పండ్లచక్రములను మాత్రము విప్పి కడుగును. మూతవేసిన బేరింగును ముట్టడు. కడిగిన దాని లోపలి గ్రీజు పోవును గాని మురికి పోదు. మా ప్రాంతపు చౌకదుకాణములలో సీమనూనె పంపిణీ ఆగిపోయినది గనుక డీజిలుతోను, సబ్బునీటితోను పని గడుపుచున్నాడు. డీజిలు చర్మమును ఎండగట్టును. వాని శిష్యుని వ్రేళ్ళు పగిలియుండుట చూచి కాబోలు, పని ముగిసినవెంటనే సబ్బు ముట్టనీయడు. గూటిలోనుండి ఒక చిన్న సీసా తీసి, వాని అరచేతిలో రెండు చుక్కల వేరుసెనగనూనె పోసి, పిడికెడు రంపపుపొట్టుతో నలుపుమనును. నల్లదనమంతయు పొట్టులోనికి దిగును. ఆ పిదపనే సబ్బు, ఆ పిదపనే సంగటిముద్ద.

మొన్న నేనా యంగడికి పోయినపుడు ఆ బాలుడు చేతులు నలుపుకొనుచు, "నూనె పోవడానికి నూనె యెందుకు అయ్యవారూ?" అని నన్నడిగెను.